జర్మనీని కూల్చిన పొదుపు

ప్రభుత్వం పేదల కోసం మరికొంత ఖర్చు పెట్టాలని ఎవరు వాదించినా, ఆ వాదనను అక్కడికక్కడే ఆపేయడానికి మన దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. టీవీ చర్చల్లో నిపుణులు చెబుతారు, సంపాదకీయాల్లో రాస్తారు, పెళ్లిళ్లలో కలిసిన బంధువులు కూడా అంతే ధీమాగా చెబుతారు: జర్మనీలో ఇలాగే నోట్లు అచ్చేసుకుంటూ పోయారట, రొట్టె కొనడానికి తోపుడు బండి నిండా డబ్బు తీసుకెళ్లాల్సి వచ్చిందట, ఆ గందరగోళంలోంచే హిట్లర్ వచ్చాడట. ఈ మాటలో మొదటి భాగం నిజమే. చివరి భాగం మాత్రం చరిత్రలో జరిగిన వరుసను తారుమారు చేసి చెప్పేది. అది తెలియక చేసే చిన్న పొరపాటయితే ఇంత పెద్ద వ్యాసం రాయవలసిన పని లేదు. ఆకలి గురించిన ప్రతి చర్చలోనూ అది తీర్పులా పనిచేస్తోంది కనుక, ఆ దేశంలో 1930 నుంచి 1932 వరకు ఏం జరిగిందో వివరంగా చెప్పుకోవడం అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

జర్మన్ మార్కు విలువ పూర్తిగా కుప్పకూలింది 1923లో. ఆ ఏడాది నవంబరు నాటికి ఒక్క అమెరికన్ డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వవలసి వచ్చింది. అదే నెలలో రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ తెచ్చి పతనాన్ని ఆపారు. మ్యూనిక్‌లో హిట్లర్ చేసిన తిరుగుబాటు ప్రయత్నం విఫలమైందీ ఆ నెలలోనే. ఆ తర్వాత నాలుగున్నరేళ్లకు, 1928 మే ఎన్నికల్లో, నాజీ పార్టీకి వచ్చిన ఓట్లు 2.6 శాతం, గెలిచిన స్థానాలు 12. అంటే నోట్ల కట్టలతో పొయ్యి వెలిగించుకున్న జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న ప్రజలే ఆ పార్టీని దాదాపుగా పట్టించుకోలేదు. 1930 సెప్టెంబరులో అదే పార్టీకి 18.3 శాతం ఓట్లతో 107 స్థానాలు వచ్చాయి. 1932 జూలైలో 37 శాతానికి పైగా ఓట్లతో, 230 స్థానాలతో పార్లమెంటులో అతి పెద్ద పార్టీ అయింది. 1928లో సగటున 14 లక్షలుగా ఉన్న నిరుద్యోగుల సంఖ్య 1932 ఫిబ్రవరి నాటికి 61 లక్షలకు చేరింది. ఈ మధ్యకాలమంతా జర్మనీలో ధరలు పెరగలేదు, పడిపోయాయి. జీతాలు పడిపోయాయి, కూలి పడిపోయింది, పంటల ధరలు పడిపోయాయి. పడిపోనిది అప్పు ఒక్కటే.

1923 నాటి అనుభవానికి ఈ కథలో చోటు లేదని నేను అనడం లేదు. దాచుకున్నదంతా పోగొట్టుకున్న మధ్యతరగతి కుటుంబాలు వైమార్ గణతంత్రాన్ని, అంటే మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో ఏర్పడిన ప్రజాస్వామ్య వ్యవస్థను, ఆ తర్వాత మనస్ఫూర్తిగా నమ్మలేదు. అంతకంటే ముఖ్యంగా, ఆ భయం తర్వాతి పాలకుల చేతులు కట్టేసింది. ఇళ్లు వరదలో మునుగుతున్నప్పుడు ఏడేళ్ల కిందటి అగ్నిప్రమాదాన్ని తలచుకుని నీళ్లు నిల్వ చేసుకోమన్నట్టుగా వారు ప్రవర్తించారు.

మాంద్యం బయటి నుంచే వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడినందుకు జర్మనీ కట్టవలసిన నష్టపరిహారం వాయిదాలను సవరించిన డావ్స్ ఒప్పందం 1924లో కుదిరాక, అమెరికా నుంచి జర్మనీకి అప్పులు ధారాళంగా వచ్చాయి. వాటిలో చాలా భాగం స్వల్పకాలిక అప్పులు. ఆ డబ్బుతో కంపెనీలు యంత్రాలు కొన్నాయి, నగరపాలక సంస్థలు కార్మికులకు ఇళ్లు కట్టించాయి, యుద్ధ నష్టపరిహారం వాయిదాలు కూడా ఒక విధంగా ఆ డబ్బుతోనే తీరాయి. 1928 నుంచి అమెరికా పెట్టుబడి న్యూయార్క్ స్టాక్ మార్కెట్ వైపు మళ్లింది. 1929 చివరిలో ఆ మార్కెట్ కూలాక కొత్త అప్పులు పుట్టడం మానేశాయి, పాతవి వెనక్కి అడగడం మొదలైంది. ఇందులో జర్మన్ కార్మికుడి తప్పు ఏమీ లేదు. బెర్లిన్ ప్రభుత్వం తప్పు కూడా కొంతవరకే ఉంది. అసలు ప్రశ్న అక్కడి నుంచి మొదలవుతుంది. వచ్చిన నష్టాన్ని ఎవరి మీద, ఎంత, ఎవరి అనుమతితో వేశారు?

మొదటి తగాదా నిరుద్యోగ బీమా మీద వచ్చింది. 1927లో చేసిన చట్టం ప్రకారం యజమాని, కార్మికుడు చెరి సగం చొప్పున జీతంలో 3 శాతం కట్టేవారు. ఉద్యోగం పోయినవారికి ఇది దానంగా కాకుండా హక్కుగా భత్యం ఇచ్చింది. యూరప్ కార్మికోద్యమం సాధించిన గొప్ప విజయాలలో దీన్ని నేను ఒకటిగా లెక్కిస్తాను. కానీ ఆ నిధిని సుమారు 8 లక్షల మంది నిరుద్యోగులను పోషించే అంచనాతో నిర్మించారు. 1929 ఫిబ్రవరి చలికాలానికే నిరుద్యోగులు 30 లక్షలకు దగ్గరగా ఉన్నారు. ఏడాది చివర్లో చందాను 3.5 శాతానికి పెంచారు, అదీ చాలలేదు. దాన్ని 4 శాతానికి పెంచాలా, లేక భత్యంలో కోత పెట్టాలా అన్న దాని మీద సంకీర్ణ ప్రభుత్వంలో చీలిక వచ్చింది. పరిశ్రమాధిపతుల పక్షాన నిలిచిన పీపుల్స్ పార్టీ పెంపును ఒప్పుకోలేదు. సోషల్ డెమొక్రాట్లు, వారి వెనుక ఉన్న కార్మిక సంఘాలు కోతను ఒప్పుకోలేదు. రాజీ సూత్రం ఒకటి వచ్చినా సోషల్ డెమొక్రాట్ల పార్లమెంటరీ పక్షం దాన్ని తిరస్కరించింది. 1930 మార్చి 27న చాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) హెర్మన్ మ్యూలర్ రాజీనామా చేశాడు. పార్లమెంటులో మెజారిటీ ఉన్న చివరి వైమార్ ప్రభుత్వం అదే.

అర శాతం కోసం ప్రజాస్వామ్యాన్ని వదులుకున్నారని సోషల్ డెమొక్రాట్లను నిందించడం తేలిక. ఆ నింద నాకు పూర్తిగా న్యాయంగా కనిపించదు. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, ఆయన చుట్టూ ఉన్న సైనికాధికారులు, ముఖ్యంగా కుర్ట్ ఫన్ ష్లైఖర్, వామపక్షం లేని ప్రభుత్వం కోసం, పార్లమెంటు మీద ఆధారపడని ప్రభుత్వం కోసం అప్పటికే ఏర్పాట్లు చేసుకుంటున్నారు. మ్యూలర్ మార్చిలో పడకపోతే మరో నెలలో పడేవాడు. అయినా ఒక సంగతి మరిచిపోకూడదు. మ్యూలర్‌ను పడగొట్టిన ఆ చందాను తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ వేసవిలోనే 4.5 శాతానికి, అక్టోబరులో 6.5 శాతానికి పెంచింది. అంటే యజమానుల పక్షం ప్రాణం పోయినా ఒప్పుకునేది లేదన్న పెంపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెంపు ఆరు నెలల్లోనే అమల్లోకి వచ్చింది. దానితో పాటు భత్యంలో కోత కూడా వచ్చింది.

మ్యూలర్ స్థానంలో వచ్చినవాడు సెంటర్ పార్టీకి చెందిన హైన్‌రిఖ్ బ్రూనింగ్. ఈయనను నేను దుర్మార్గుడిగా చిత్రించబోవడం లేదు, అలా చిత్రిస్తే అసలు విషయం జారిపోతుంది. యుద్ధంలో మెషీన్‌గన్ దళానికి నాయకత్వం వహించి పతకం పొందిన మనిషి, బడ్జెట్ లెక్కలు క్షుణ్ణంగా తెలిసినవాడు, నిరాడంబరంగా బతికినవాడు, లంచం పుచ్చుకున్నాడని శత్రువులు కూడా అనని వాడు. ఆదాయం ఎంతో ఖర్చు అంతే ఉండాలన్నది ఆయన నియమం. మాంద్యంలో ఆదాయం పడిపోతే ఖర్చు తగ్గించేవాడు. ఖర్చు తగ్గితే కొనేవారు తగ్గి, వ్యాపారం తగ్గి, పన్నులు మరింత పడిపోయేవి, అప్పుడు మళ్లీ తగ్గించేవాడు. 1930 జూలైలో ఆయన పొదుపు ప్రతిపాదనలను పార్లమెంటు తిరస్కరించింది. ఆయన వాటిని రాజ్యాంగంలోని 48వ అధికరణ కింద అధ్యక్షుడి చేత అత్యవసర ఉత్తర్వుగా జారీ చేయించాడు. ఆ ఉత్తర్వును రద్దు చేయాలని పార్లమెంటు తీర్మానించింది. వెంటనే పార్లమెంటునే రద్దు చేయించి, దాదాపు అవే నిబంధనలను మళ్లీ ఉత్తర్వుగా తెచ్చాడు. ధనికుడికీ పేదకూ ఒకే మొత్తంగా మొదలైన తలపన్ను ఆ ఉత్తర్వులలో వచ్చిందే. సెప్టెంబరు 14న జరిగిన ఎన్నికల్లోనే నాజీల బలం 12 నుంచి 107కు పెరిగింది.

ఆ తర్వాత రెండేళ్ల పాలన ఉత్తర్వుల మీద నడిచింది. పార్లమెంటు 1930లో 98 చట్టాలు చేసింది, 1931లో 34, 1932లో 5. అత్యవసర ఉత్తర్వులు 1930లో 5 ఉంటే 1931లో 44కు పెరిగాయి. మరుసటి ఏడాది ఇంకా పెరిగాయి. 1930 డిసెంబరులో, 1931 జూన్‌లో, 1931 డిసెంబరులో మూడు దఫాలుగా ప్రభుత్వోద్యోగుల జీతాలు కోశారు. 1931 డిసెంబరు 8 నాటి ఉత్తర్వు అన్నింటికంటే పెద్దది. యూనియన్లు బేరమాడి సాధించుకున్న ఒప్పందాలన్నింటినీ పక్కన పెట్టి, కూలి రేట్లను 1927 జనవరి 10 నాటి స్థాయికి దించమని అది ఆదేశించింది. జనం బ్రూనింగ్‌కు ఆకలి చాన్సలర్ అని పేరు పెట్టారు.

ఉద్యోగం పోయినవాడి దారి ఎలా ఉండేదో కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పొదుపు అన్న పదం దాని మీద కప్పే ముసుగు చాలా మందంగా ఉంటుంది. మొదట అతనికి బీమా భత్యం వచ్చేది. చట్టం ప్రకారం అది 26 వారాలు. ఆ గడువును తగ్గిస్తూ వచ్చారు. బ్రూనింగ్ తర్వాత వచ్చిన ఫ్రాంజ్ ఫన్ పాపెన్ 1932 జూన్‌లో, ఆరు వారాలు దాటితే ఇంటి స్థితిగతుల విచారణ తప్పదని ఉత్తర్వు తెచ్చాడు, భత్యాన్నీ కోశాడు. బీమా అయిపోతే సంక్షోభ సహాయం అనే రెండో మెట్టు, అదీ అయిపోతే నగరపాలక సంస్థ ఇచ్చే బీదల సహాయం అనే మూడో మెట్టు. మూడో మెట్టు దగ్గర హక్కు అనేది లేదు. విచారణాధికారి ఇంటికి వచ్చి సామాను చూసేవాడు, కూతురు సంపాదిస్తుందా, కొడుకు సంపాదిస్తాడా అని అడిగేవాడు, సంపాదిస్తే తండ్రి భత్యంలోంచి తగ్గించేవాడు. తీసుకున్న సహాయాన్ని పని దొరికాక తిరిగి కట్టాలన్న నిబంధన కూడా ఉండేది. 1933 జనవరి చివరికి నమోదైన 60 లక్షల నిరుద్యోగుల్లో బీమా భత్యం అందుతున్నది సుమారు ఆరింట ఒక వంతు మందికే. పది లక్షల మందికి పైగా ఏ మెట్టు మీదా లేరు. బీమా అన్ని సంవత్సరాలు కట్టించుకుని, అవసరం వచ్చిన రోజున దాన్ని బిచ్చంగా మార్చిన రాజ్యం పట్ల ఆ మనిషికి ఎలాంటి విధేయత మిగులుతుంది?

నిరుద్యోగం మనిషిని తిరుగుబాటుదారుని చేస్తుందని చాలామంది అనుకుంటారు. వియన్నా దగ్గర మరియెంతాల్ అనే చిన్న ఊరు ఉంది. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. మిల్లు మూతపడ్డాక 1931–32లో మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ ట్సైసెల్ అక్కడికి వెళ్లి జనజీవనాన్ని పరిశీలించారు. చదువుకోవడానికి కావలసినంత తీరిక దొరికిన ఆ ఊళ్లో గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి తగ్గిపోయాయని వారు గమనించారు. పత్రికల చందాలు, పార్టీ సభ్యత్వాలు కూడా తగ్గాయి. పరిశోధకులు చాటు నుంచి వీధిలో నడకల వేగం లెక్కపెట్టారు. మగవాళ్లు నెమ్మదిగా నడుస్తున్నారు, మాటిమాటికీ ఆగుతున్నారు. ఆడవాళ్లు మాత్రం వేగంగా నడుస్తున్నారు, ఎందుకంటే ఇంటి చాకిరీకి లాకౌట్ లేదు.

ఈ పరిశోధన గురించి చదివినప్పుడు నాకు మా ఇల్లే కనిపించింది. మా నాన్న పనిచేసిన జూట్ మిల్లు గేటుకు లాకౌట్ నోటీసు అంటించినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. మొదటి కొన్ని వారాలు ఆయన షిఫ్టు వేళకే లేచి, స్నానం చేసి, గేటు దాకా వెళ్లి వచ్చేవారు. గేటు మీటింగుల్లో ముందు వరుసలో కూర్చునేవారు. తర్వాత మీటింగులకు వెళ్లడం మానేశారు, ఆ తర్వాత టీకొట్టు దగ్గర పేపరు చదవడం కూడా మానేశారు. ఆ నెలల్లో మా అమ్మ రెండిళ్లలో పనికి కుదిరింది. నిరుద్యోగుల్ని సోమరులని ఎవరైనా అన్నప్పుడు నాకు కలిగే కోపం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

జర్మనీ ఓట్ల లెక్క కూడా మరియెంతాల్ చెప్పిన దానికి దగ్గరగానే ఉంది. ఉద్యోగం పోయినవారిలో పెద్ద భాగం నాజీల దగ్గరకు పోలేదు. ఓటు వేసినవారిలో చాలామంది కమ్యూనిస్టుల వైపు మొగ్గారు. ఆ పార్టీ 1932 నవంబరులో దాదాపు 17 శాతం ఓట్లు, 100 స్థానాలు సంపాదించింది. నాజీల వైపు ఎక్కువగా జరిగినవారు ఇంకా పూర్తిగా పడిపోనివారు: చిన్న దుకాణదారులు, చేతివృత్తులవారు, జీతం మూడుసార్లు కోతపడ్డ గుమాస్తాలు, పింఛనుదారులు, ప్రొటెస్టెంటు ప్రాంతాల రైతులు. ఉత్తరాన ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్‌లో పశువుల ధరలు, పాల ధరలు పడిపోయి అప్పుల కింద పొలాలు వేలానికి వచ్చాయి. అక్కడి రైతులు 1928 నుంచే ఊరేగింపులు చేశారు, వేలాలను అడ్డుకున్నారు. 1932 జూలైలో ఆ ప్రాంతంలో నాజీలకు 51 శాతం ఓట్లు వచ్చాయి. నలుగురు పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రభుత్వ ఖర్చు కోతలు, పన్నుల పెంపు ఎక్కువగా తగిలిన ప్రాంతాల్లో నాజీల ఓటు కూడా ఎక్కువగా పెరిగింది. పక్కింటివాడు మూడో మెట్టు దాకా జారడం రోజూ చూస్తూ, రేపు తన వంతు అని భయపడేవాడి ఓటు అది. పాలకులు నిరుద్యోగిని ఒక్కడినే శిక్షిస్తున్నామనుకున్నారు, వీధి మొత్తం చూస్తోందని గ్రహించలేదు.

పైగా ఈ పొదుపు అందరికీ ఒకటి కాదు, నన్ను అన్నింటికంటే కలవరపెట్టేది ఇదే. 1931 మేలో వియన్నాలోని క్రెడిట్-ఆన్‌స్టాల్ట్ బ్యాంకు కూలింది, జూలై 13న బెర్లిన్‌లో డానాట్ బ్యాంకు తలుపులు మూసేసింది, ఆ భయంతో దేశంలోని బ్యాంకులన్నింటికీ సెలవు ప్రకటించారు. ఖజానాలో డబ్బు లేదని తలపన్ను వేసిన ప్రభుత్వానికి అప్పుడు డబ్బు దొరికింది. డానాట్‌ను డ్రెస్‌డ్నర్ బ్యాంకులో కలిపి, ఆ బ్యాంకులో అత్యధిక వాటాను ప్రభుత్వమే కొని నిలబెట్టింది. బ్యాంకుల్ని కాపాడటం తప్పని నేను అనడం లేదు, డిపాజిటర్లు రోడ్డున పడేవారు. కానీ ఎల్బే నదికి తూర్పున ఉన్న పెద్ద జమీందారుల ఎస్టేట్లకు తూర్పు సహాయం అనే పేరుతో డబ్బు ధారపోశారు. 1932లో ఉక్కు వ్యాపారి ఫ్రీడ్రిఖ్ ఫ్లిక్ దగ్గర ఉన్న, విలువ పడిపోయిన గెల్సెన్‌బెర్గ్ కంపెనీ షేర్లను ప్రభుత్వం మార్కెట్ ధర కంటే ఎంతో ఎక్కువకు కొన్నది. ఆ ఏడాది మేలోనే, భర్తకు సంపాదన ఉందన్న కారణంతో పెళ్లయిన స్త్రీలను కేంద్ర ప్రభుత్వ కొలువుల నుంచి తొలగించడానికి వీలు కల్పిస్తూ చట్టం చేశారు. డబ్బు లేదన్న మాట ఎవరి ముందు చెప్పారో, ఎవరి ముందు చెప్పలేదో చూస్తే ఆ పొదుపు ఎవరిదో అర్థమవుతుంది.

వేరే దారి లేదు కదా అన్నది బ్రూనింగ్‌ను సమర్థించేవారి బలమైన వాదన. చరిత్రకారుడు క్నుట్ బోర్ఖార్ట్ 1979లో దీన్ని చాలా పటిష్ఠంగా చెప్పాడు. విదేశీ అప్పు పుట్టదు, మార్కు విలువను బంగారానికి కట్టేసిన అంతర్జాతీయ ఒప్పందాలు ఉన్నాయి, సెంట్రల్ బ్యాంకు నోట్లు అచ్చు వేయడానికి చట్టం ఒప్పుకోదు, ప్రజలు 1923ను మరిచిపోలేదు, అలాంటప్పుడు ఏ చాన్సలరైనా ఇంతకంటే ఏం చేయగలడు అని ఆయన ప్రశ్న. కార్ల్-లుడ్విగ్ హోల్ట్‌ఫ్రెరిఖ్ వంటివారు దీన్ని ఖండించారు, ఆ చర్చ ఇప్పటికీ సాగుతోంది. 1931 వేసవి వరకు బోర్ఖార్ట్ మాటలో చాలా బలం ఉందని నేనూ ఒప్పుకుంటాను. ఆ తర్వాత మాత్రం ఒప్పుకోలేను. జూలైలో విదేశీ మారకంపై నియంత్రణలు వచ్చాయి, విదేశీ బ్యాంకులు అప్పులను వెంటనే వెనక్కి అడగకుండా ఒప్పందం కుదిరింది, నష్టపరిహారం చెల్లింపులు అమెరికా అధ్యక్షుడు హూవర్ ప్రతిపాదనతో ఏడాది పాటు ఆగిపోయాయి, సెప్టెంబరు 21న బ్రిటన్ అంతటి దేశమే తన పౌండు విలువను బంగారానికి కట్టేయడం మానేసింది. చేతులకున్న కట్లు ఒక్కొక్కటే వదులవుతున్న ఆ నెలల తర్వాతే, డిసెంబరులో, అన్నింటికంటే క్రూరమైన ఉత్తర్వు వచ్చింది. జర్మనీ ఇక పరిహారం కట్టే స్థితిలో లేదని ప్రపంచానికి నిరూపించడం బ్రూనింగ్ విదేశాంగ నీతికి కేంద్రం. అందుకు దేశ ప్రజల కష్టాన్ని సాక్ష్యంగా వాడుకున్నాడు. 1932 మేలో పార్లమెంటులో, గమ్యానికి చివరి వంద మీటర్ల దూరంలో ఉన్నామని, ఇప్పుడు నిబ్బరం కోల్పోవద్దని కోరాడు. నెలాఖరుకు హిండెన్‌బర్గ్ ఆయనను సాగనంపాడు. జూలైలో లోజాన్ సమావేశంలో పరిహారాలు నిజంగానే దాదాపు రద్దయ్యాయి. అదే నెల 31న నాజీలకు 230 స్థానాలు వచ్చాయి.

దారులు అప్పుడే కాగితం మీద ఉన్నాయి. ఆర్థిక మంత్రిత్వశాఖలో పనిచేసే విల్‌హెల్మ్ లౌటెన్‌బాఖ్ 1931 సెప్టెంబరులో, సెంట్రల్ బ్యాంకు భవనంలో జరిగిన రహస్య సమావేశంలో, ప్రజాపనులకు రుణం ఇచ్చి ఉత్పత్తిని లేపవచ్చని వివరించాడు. యంత్రాలు ఆగి, చేతులు ఖాళీగా ఉన్నప్పుడు కొత్త రుణం ధరలను పెంచదు, పనిని పెంచుతుందన్నది ఆయన వాదన. కార్మిక సంఘాల సమాఖ్య తరఫున వోయ్‌టిన్‌స్కీ, టార్నో, బాడె అనే ముగ్గురు 1932 జనవరిలో మరో పథకం తయారు చేశారు. 200 కోట్ల మార్కులతో పది లక్షల మందికి పనులు కల్పించాలన్నది దాని సారం. దాన్ని అడ్డుకున్నవారిలో బ్యాంకర్లే కాదు, సోషల్ డెమొక్రాట్ల గొప్ప ఆర్థికవేత్త రుడాల్ఫ్ హిల్ఫర్డింగ్ కూడా ఉన్నాడు. ద్రవ్యోల్బణం వస్తుందని, పెట్టుబడిదారీ సంక్షోభం దాని దారిన అది నడవాల్సిందేనని ఆయన నమ్మాడు. నాజీల కంటే బ్రూనింగ్ మేలన్న లెక్కతో ఆ పార్టీ 1930 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రతి కోత ఉత్తర్వునూ సహిస్తూ వచ్చింది. ఆ భయం నిజమైనదే, వారి ధైర్యాన్ని నేను శంకించను. కానీ ఆకలిగొన్నవారి తరఫున చెప్పవలసిన పార్టీ చెప్పకపోతే, ఆ మాటను మరొకరు ఎత్తుకుంటారు. 1932 మేలో నాజీ నాయకుడు గ్రెగోర్ స్ట్రాసర్ పార్లమెంటులో, ఆ తర్వాత ఎన్నికల సభల్లో పని హక్కు గురించి, ప్రభుత్వ రుణంతో పనుల కల్పన గురించి గొంతెత్తాడు. కార్మిక సంఘాలు రాసిన కాగితాన్ని వారి సొంత పార్టీ పక్కన పెడితే, వారి శత్రువు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

అదే సమయంలో అదే సిద్ధాంతం మన జిల్లాల మీదా నడిచింది. 1929 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది, శిస్తు మాత్రం నగదు రూపంలో ఎప్పటిలాగే కట్టాలి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు (శిస్తు రేట్లను మళ్లీ నిర్ణయించడం) పేరుతో శిస్తును రూపాయికి మూడు అణాలు పెంచే ప్రతిపాదన మీద రైతు సంఘాలు, ఎన్.జి. రంగా వంటి నాయకులు పోరాడవలసి వచ్చింది. ఢిల్లీలో వైస్రాయ్ మండలి ఆర్థిక సభ్యుడు జార్జ్ షూస్టర్ 1931 సెప్టెంబరులో తెచ్చిన అత్యవసర బడ్జెట్ పన్నుల మీద 25 శాతం సర్‌చార్జి వేసింది, జీతాలు 10 శాతం కోసింది. ఇళ్లలోని బంగారం అమ్ముడై ఓడలెక్కింది. రంగూన్ రేవులో 1930 మేలో, సమ్మె చేసిన తెలుగు కూలీల స్థానంలో బర్మీయులను పెట్టి, సమ్మె ముగిశాక వారిని పొమ్మనడంతో, కోరంగీలని పిలిచే మనవాళ్ల మీద దాడులు జరిగి వంద మందికి పైగా చనిపోయారు. పని ఇవ్వనివాడి మీద రావలసిన కోపం పని దొరికిన పక్కవాడి మీదకు మళ్లడం రెండు చోట్లా జరిగింది. తేడా ఒకటుంది. మనవాళ్లకు ఆ రోజుల్లో ఢిల్లీ బడ్జెట్‌ను మార్చగల ఓటు లేదు. జర్మన్లకు ఉంది, స్త్రీలతో సహా ఇరవై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఉంది. ఆ ఓటు ఉన్న పౌరులను, వలస పాలన కింద ఉన్న ప్రజలను పాలించినట్టు ఉత్తర్వులతో పాలించారు.

హిట్లర్ రాక అనివార్యమైందని మాత్రం నేను అనను. 1932 చివరికి మాంద్యం అడుగు తాకింది. నవంబరు ఎన్నికల్లో నాజీలు 20 లక్షల ఓట్లు పోగొట్టుకుని 196 స్థానాలకు తగ్గారు. డిసెంబరులో చాన్సలర్ అయిన ష్లైఖర్ చివరికి పనుల కల్పన వైపు తిరిగాడు. 50 కోట్ల మార్కుల తక్షణ కార్యక్రమం ఖరారైంది 1933 జనవరి 28న, ఆయన రాజీనామా చేసిన రోజునే. రెండు రోజుల తర్వాత, పాపెన్ నడిపిన మంతనాల ఫలితంగా, హిండెన్‌బర్గ్ హిట్లర్‌ను చాన్సలర్‌గా నియమించాడు. సిద్ధంగా ఉన్న ఆ 50 కోట్లు కొత్త ప్రభుత్వం చేతికి వచ్చాయి. జూన్‌లో మరో 100 కోట్ల కార్యక్రమం ప్రకటించారు. పని ఇచ్చినవాడు హిట్లర్ అన్న పేరు అలా వచ్చింది, అది ఇప్పటికీ కొన్ని నోళ్లలో వినబడుతుంది. పనుల పథకం రాసిన కార్మిక సంఘాల కార్యాలయాలను 1933 మే 2న నాజీ దళాలు ఆక్రమించాయి. వోయ్‌టిన్‌స్కీ, టార్నో, బాడె ముగ్గురూ దేశం విడిచి వెళ్లారు. హిల్ఫర్డింగ్ 1941 ఫిబ్రవరిలో పారిస్‌లో నాజీల రహస్య పోలీసు దళమైన గెస్టాపో నిర్బంధంలో చనిపోయాడు. బ్రూనింగ్ 1934లో తప్పించుకుని అమెరికా చేరి హార్వర్డ్‌లో పాఠాలు చెప్పాడు.

నిరుద్యోగ బీమా చందా 1933 తర్వాత కూడా 6.5 శాతంగానే కొనసాగింది. పని దొరికినవారి సంఖ్య పెరిగాక నిధిలో డబ్బు మిగలసాగింది, కానీ ఆ మిగులుతో భత్యాన్ని 1927 నాటి హక్కుగా పునరుద్ధరించలేదు. కార్మికుల జీతాల్లోంచి నెలనెలా కోసిన ఆ డబ్బులో పెద్ద మొత్తాన్ని, హిట్లర్ కట్టించాడని ఈనాటికీ చెప్పుకునే ఆటోబాన్ రోడ్లకు మళ్లించారు.